చేప విరిచే చెయ్యి

"ఆ గిన్నె లోపల పెట్టి రమ్మని ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పాను?" అంది రొఖాయా.

"చెప్పినప్పుడల్లా విన్నాను వదినా," అంది సుకేనా. గిన్నె మాత్రం ఒళ్ళోంచి కదపలేదు.

వాకిట్లో రేకుల నీడన పరిచిన చాప మీద పెద్ద ఎనామిల్ పళ్ళెం పొగలు కక్కుతోంది. నూనెలో ఎర్రబడ్డ అన్నం, మధ్యలో చేప, కర్రపెండలం, క్యాబేజీ, ఓ పక్కన గోంగూర ముద్ద. వండింది సుకేనాయే. పళ్ళెంలోకి వంచే ముందు తన వాటా ఓ చిన్న గిన్నెలోకి తీసి పెట్టుకుంది. నిన్నా అంతే, మొన్నా అంతే. ఆ ఇంట్లో అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని ఎవరి వైపుది వాళ్ళు తింటారు. వేరే గిన్నె పెట్టేది రోగికి, లేకపోతే ఇంటితో తెగతెంపులు చేసుకున్నవాళ్ళకి.

"ఒంట్లో బాగాలేదా నీకు?"

"బాగానే ఉంది."

"మరి మా ఎంగిలి నీకు పనికిరావట్లేదా?"

"తిననివ్వక్కా, చల్లారిపోతుంది," అన్నాడు బిరాం తల ఎత్తకుండా.

"నువ్వు మాట్లాడకు. పెళ్ళాం ఇంట్లోనే వేరు కాపురం పెడుతుంటే సూదిలోకి దారం ఎక్కించుకుంటూ కూర్చునే మొగుడివి."

అత్తగారు కుంబా మాత్రం ఆవిడ పని ఆవిడ చేసుకుపోతోంది. కుడిచేత్తో చేపని విరిచి, ముల్లు తీసి, కొడుకు వైపు ఒక ముక్క, కూతురి వైపు ఒక ముక్క వేసింది. కర్రపెండలం చిదిమి పంచింది. ఆ పళ్ళెంలో మధ్యనున్నదాన్ని ముట్టుకునే హక్కు ఇంటి పెద్దావిడది. మిగతావాళ్ళు తమ ముందుకు వచ్చేదాకా ఆగాలి. చివరికి మెడ దగ్గరి కొవ్వు ముక్క, అన్నిటికంటే రుచైనది, తీసి ఎవరూ కూర్చోని చోట వేసింది. ఆరేళ్ళుగా సుకేనా కూర్చున్న చోటు అది.

ముక్క అక్కడే ఉండిపోయింది. దాని మీద ఈగ వాలింది.

"సలాం, తల్లుల్లారా," అంటూ పక్కింటి ఆస్తు లోపలికి వచ్చింది. "సరిగ్గా అన్నం వేళకి వచ్చాను చూశారా. అన్నం వేళకి వచ్చే కోడలంటే అత్తకి ఇష్టమంటారుగా, మా అత్తకి నేనంటే ప్రాణమన్నమాట."

"రా, కూర్చో, తిను," అంది కుంబా.

"తినే వచ్చాను. నా తేటమందు డబ్బా తీసుకుపోదామని. ఆదివారం మా చెల్లెలి బిడ్డకి బారసాల కదా." అంటూనే ఆస్తు కళ్ళు సుకేనా ఒళ్ళోని గిన్నె మీద పడ్డాయి. "ఇదేమిటి, విడిగా తింటోంది?"

రొఖాయా నోరు తెరవబోయింది. కుంబా అననివ్వలేదు. "వేవిళ్ళు. చేప వాసన పడట్లేదు."

"ఏడో నెలలో వేవిళ్ళేమిటమ్మా?"

"మా ఇంటి కడుపులు అంతే."

"పోనీలే," అని ఆస్తు సుకేనా గడ్డం పట్టుకుంది. "నీ బిడ్డ బారసాల నాటికి కాస్త తేటపడు పిల్లా. ఆ రోజు బిడ్డని చూసేవాళ్ళకంటే తల్లి మొహం చూసేవాళ్ళే ఎక్కువ. ఒళ్ళు తెల్లబరిచే తేటమందు కలిపే ఇంటి కోడలివి, కుండ అడుగులా ఉంటే మీ అత్తకే పరువు తక్కువ."

కుంబా లేచి వాకిలి మూలనున్న రేకుల గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. సుకేనాకి అన్నీ కనిపిస్తున్నాయి. షియా గింజల వెన్న, తురిమిన సబ్బు, బజారు క్రీములు, కాగితం పొట్లంలో వచ్చే తెల్లపొడి అన్నీ కలిసిన తట్ట. అత్తగారు అందులోంచి గుప్పెడు తీసి డబ్బాలోకి వేళ్ళతో కూరింది. అంచులు బొటనవేలితో తుడిచింది. నడుముకు చుట్టుకున్న గుడ్డకి చెయ్యి రాసుకుంది. ఆస్తుని సాగనంపి వచ్చి మళ్ళీ పళ్ళెం ముందు కూర్చుంది. అదే చేత్తో చేపలో మిగిలిన సగం విరిచింది.

సుకేనా గిన్నెని పొట్టకి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

"పరాయిదాని ముందు నీ పరువు నేను కాపాడాను," అంది కుంబా నెమ్మదిగా. "ఇంట్లోవాళ్ళ ముందు నా పరువు నువ్వెందుకు తీస్తున్నావో ఇప్పుడు చెప్పు."

సుకేనా మొగుడి వంక చూసింది. పోయిన వారం ఆసుపత్రి నుంచి రాగానే ఈ మాట అతనికొక్కడికే చెప్పింది. అమ్మకి నేను చెబుతానన్నాడు. ఇప్పుడు అన్నంలో రాయి ఏదో వెతుకుతున్నట్టు పళ్ళెంలోకి వంగి ఉన్నాడు.

"నా కాళ్ళు వాస్తున్నాయని, చేతులు వణుకుతున్నాయని నర్సమ్మ పరీక్షకి పంపించింది కదత్తా. నా ఒంట్లో పాదరసం ఉందట. కడుపులో ఉన్నదానికి మంచిది కాదట. దాని బుర్రకి కూడా పాకుతుందంది."

"పాదరసమా? అదెక్కడిది?"

"తేటమందులో. మీరు పొట్లాల్లో కొనే తెల్లపొడిలో ఉంటుందట."

కుంబా నవ్వింది. "నిన్ను రాసుకోమని నేను ఎంత బతిమాలాను? వేలెడంతైనా రాసుకున్నావా? మరి నీ ఒంట్లోకి ఎలా వచ్చింది, గోడ దూకి వచ్చిందా?"

"అదే నర్సమ్మ కూడా అడిగింది. ఇంట్లో ఎవరు రాసుకుంటారు, ఎవరు కలుపుతారు, అని. తరవాత..." సుకేనా గిన్నె అంచు పట్టుకుంది. "ఎవరి చేతి మీదుగా తింటావు అని."

కుంబా చెయ్యి చేప మీదే ఆగిపోయింది.

ఎన్నో ఏళ్ళుగా ఆ మందు పిసికిన చెయ్యి. వేళ్ళు పాలిపోయి, పచ్చటి నరాలు పైకి తేలి ఉంటాయి. కణుపులు మాత్రం ఏ మందుకీ లొంగక కాల్చిన వంకాయ తొక్కలా నల్లగా మిగిలాయి. అందరూ ఆ చేతినే చూశారు. కుంబా కూడా చూసుకుంది, ఎవరిదో చేతిని చూసినట్టు.

"నా చేత్తోనా?" అంది.

"మీరు తెలిసి చేశారని నేననటం లేదత్తా."

"తెలిసి చేసినదాన్ని తిట్టి ఊరుకుంటారు. తెలియక చేసినదాన్ని ఏం చేస్తారే?" కుంబా గొంతు పెంచలేదు. "ఈ పళ్ళెంలో మంచి ముక్క వచ్చినప్పుడల్లా నీ వైపే వేశాను. కన్న పిల్లలకి కూడా వెయ్యలేదు."

"అవును. అందరికంటే నాకే ఎక్కువ వేశారు."

ఆ మాట ఎందుకన్నానా అని సుకేనాకి వెంటనే అనిపించింది. కానీ అబద్ధం కాదు కాబట్టి వెనక్కి తీసుకోలేదు.

రొఖాయా ఒక్కసారిగా మోకాళ్ళ మీద లేచింది. "చాల్లే, నర్సమ్మ చెప్పిందట. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు మా అమ్మ మందు రాసుకుంటున్నారు. నేను పెళ్ళికి ముందు నుంచీ రాసుకుంటున్నాను. నాకేమైంది?"

బిరాం నోట్లో ముద్ద నమలడం ఆపాడు. కుంబా చెయ్యి గుడ్డలో దాచుకుంది. తన నోటి వెంట ఏం వచ్చిందో రొఖాయాకి కూడా అప్పుడే వినిపించినట్టుంది. ఆమె మొదటి బిడ్డ ఏడవనే లేదు. రెండో బిడ్డ ఏడ్చింది గాని, పేరు పెట్టే రోజుదాకా నిలవలేదు. ఆ రోజు కోయడానికి కొన్న మేకపోతుని తిరిగి అమ్మేశారు. ఎవరి నోరో తగిలిందని కుంబా వీధి వీధంతటినీ శపించింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ ఊసు ఎత్తినవాళ్ళు లేరు.

రొఖాయా లేచి వెళ్ళిపోయింది. కుంబా కూడా చెయ్యి కడుక్కోకుండానే నమాజుకి వేళైందని లేచింది, నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వుజూకి చెంబు తీసుకుంటే ఎలాగూ కడగాలి కదా అన్నట్టు.

పళ్ళెంలో సగం అన్నం మిగిలిపోయింది. ఆ ఇంట్లో అలా మిగలడం సుకేనా ఎరగదు.

* * *

"నువ్వు చెబుతానన్నావు," అంది సుకేనా.

బిరాం మిషను తొక్కుతున్నాడు. ముందు గదే అతని దుకాణం. నీలం రంగు పట్టు మీద జరీ కుట్టు పరుగెడుతోంది. ఎవరి బారసాలకో, ఎవరి తల్లికో.

"చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు, బిడ్డ పుట్టాకా?"

"మెల్లిగా చెప్పాల్సిన మాట. నువ్వు నలుగురి మధ్యా అన్నం ముందు పెట్టి చెప్పావు."

"మీ అక్క నలుగురి మధ్యే అడిగింది. మీ అమ్మా నలుగురి మధ్యే అడిగింది. నువ్వొక్కడివే అడగలేదు."

మిషను ఆగింది. మళ్ళీ కదిలింది.

"రబ్బరు తొడుగులు తెస్తాను," అన్నాడు బిరాం. "కలిపేటప్పుడు వేసుకుంటుంది."

"ఆవిడ వేసుకుంటుందా?"

"చెప్పి చూస్తా."

"గది మన వంటింటి పక్కనే ఉంది. ఆ తట్ట కడిగిన నీళ్ళు నేను గిన్నెలు తోముకునే చోటికే వస్తాయి. ఆ గుడ్డ నేనే ఉతుకుతాను. తొడుగులు ఎన్నిటికి తొడుగుతావు? కలపడం మానెయ్యమని చెప్పు. అదొక్కటే అడుగుతున్నా."

"మానదు."

"నువ్వు అడిగితే కదా."

"మానదే. నీకర్థం కావట్లేదు." బిరాం గుడ్డని బల్ల మీదికి తోసేశాడు. "మానితే ఒప్పుకున్నట్టే. ఇది ఒప్పుకుంటే, మరి అక్క పిల్లల సంగతేమిటని రేపు నేనడగక్కర్లేదు, తనే తనని అడుక్కోవాలి. ఆ వయసులో ఆవిడ ఆ మాట మోయగలదా?"

సుకేనా అతని మొహంలోకి చూసింది. మంచం అంచు మీద కూర్చుంది.

"అంటే నీకు ముందే తట్టింది."

అతను సూదిలోంచి తెగిన దారం లాగాడు.

"నేను చెప్పిన రోజే తట్టింది. అయినా ఇన్నాళ్ళూ నన్ను ఆ పళ్ళెం ముందు కూర్చోమన్నావు. కాస్త సర్దుకోమన్నావు."

"ఆవిడ మా అమ్మ, సుకేనా."

"ఇది మీ బిడ్డ," అంది సుకేనా. మొగుణ్ణి ఆమె మీరు అని ఏనాడూ అనలేదు. అది ఆ ఇంటందరినీ కలిపి అన్న మాట.

బిరాం జరీ గుడ్డని మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. తరవాత కాలు మిషను మీదికే పోయింది.

* * *

పొద్దు వాలాక సుకేనా కుళాయి దగ్గర బట్టలు జాడిస్తోంది. అత్తగారి నడుం గుడ్డ ఒక్కటీ విడిగా పక్కన పెట్టింది. ఉతకాలో వద్దో తేల్చుకోలేకపోతోంది. ఉతకకపోతే రేపు ఇంకో గొడవ.

"అది కూడా ముట్టుకోవా?" అంది రొఖాయా వెనక నుంచి.

"మీరు ఉతుకుతారా వదినా?"

ఎత్తిపొడుపుగానే అంది. రొఖాయా ఉతకనూ లేదు, వెళ్ళనూ లేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. సాయంత్రపు వెలుగులో ఆమె మొహం పసుపు కలిపిన పాలలా ఉంది. చెవులు, మెడ వెనక మాత్రం పుట్టుకతో వచ్చిన రంగు. మొగుడు గాబోన్‌లో కలప వ్యాపారంలో ఉన్నాడు. అక్కడే ఇంకొకతెని కట్టుకున్నాడు. ఆమె ఫొటో వచ్చినప్పుడు రొఖాయా మొదట చూసింది రంగే. మొన్న బక్రీదుకి అతనొచ్చి, నాలుగు వారాలుండి వెళ్ళాడు.

"ఆ నర్సమ్మ ఇంకేమంది?"

"ఏం తెలుసుకోవాలి మీకు?"

"అడుగుతున్నా కదా. ఎదురు ప్రశ్నలు వెయ్యకు."

"ఇంట్లో ఇంకెవరికైనా కడుపులు పోయాయా అని అడిగింది."

రొఖాయా ముంజేతి గాజు తిప్పుకుంది. "నువ్వేం చెప్పావు?"

"నేను చెప్పాల్సిన సంగతి కాదని ఊరుకున్నా."

"ఊరుకున్నావా." రొఖాయా కారుతున్న కుళాయిని బిగించింది. "దాని వల్లేనందా?"

"అలా అనలేదు. కావచ్చు, కాకపోవచ్చు, పరీక్ష చెయ్యకుండా చెప్పలేనంది."

"మానేస్తే పోతుందా అది?"

"నెలలు పడుతుందట. మెల్లిగా దిగుతుందట."

"నెలలంటే ఎన్ని? ఈలోపల..." రొఖాయా ఆగింది. "ఈలోపల నీ బిడ్డకేం కాదా?"

"ఎంత తొందరగా ఆపితే అంత మంచిదంది. అంతకంటే ఎవరు చెప్పగలరు?"

"నీకు ఆపడం తేలిక. గిన్నె మార్చుకున్నావు, అయిపోయింది. నేను మానేస్తే ఏమవుతుందో తెలుసా? పాత రంగు కూడా సరిగ్గా రాదు. మచ్చలు మచ్చలుగా పడుతుంది. మా పెద్దత్త కూతుర్ని చూశావుగా, కాలిన రొట్టెలా అయింది. వాడు మళ్ళీ వచ్చేసరికి నేనలా ఉంటే..." మాట పూర్తి చెయ్యకుండా లేచింది. "నీ మొహం. నీకేం తెలుసు. నల్లగా ఉన్నా నా తమ్ముడు నిన్ను దాటి పోలేదు."

అది తిట్టో, ఇంకేమిటో సుకేనాకి తెలియలేదు.

రెండడుగులు వేసి రొఖాయా వెనక్కి వచ్చింది. తల్లి గుడ్డని రెండు వేళ్ళతో ఎత్తి, పక్క కుళాయి కిందికి విసిరి, కాలితో నీళ్ళలోకి తొక్కింది.

* * *

సంధ్య నమాజయ్యాక బిరాం బొగ్గుల మీద టీ కాస్తున్నాడు. రోజూ ఆ వేళ వాకిట్లో కబుర్లు సాగుతాయి. ఇవాళ టీ ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోస్తున్న చప్పుడే వినిపిస్తోంది.

కుంబా శుభ్రమైన బట్టలు కట్టుకుని వచ్చింది. తలకి గుడ్డ చుట్టుకుంది. తగువు తీర్చడానికి వచ్చిన పెద్దమనిషిలా కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"రేపు పొద్దున్నే మీ పెద్దనాన్నకి కబురు పంపిస్తున్నా," అంది కొడుకుతో. "జుమ్మా నమాజు కాగానే వస్తారు. ఆయన ముందు మాట తేలాలి. నా చెయ్యి విషమైతే ఈ ఇంట్లో నేనుండను, మా చెల్లెలి దగ్గరికి పోతాను. కాకపోతే, ఆ మాట అన్న మనిషి పళ్ళెం దగ్గరికి వచ్చి నా చేత్తో తినాలి. తినలేనంటే పుట్టింటికి పోయి కనాలి. బిడ్డకి పేరు అక్కడే పెట్టుకోవచ్చు."

"అమ్మా," అన్నాడు బిరాం.

"అమ్మా అని ఆగిపోకు. తరవాతి మాటేమిటో చెప్పు."

అతను టీలో చక్కెర వేశాడు. వేశానో లేదో మర్చిపోయి మళ్ళీ వేశాడు.

సుకేనా పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. పుట్టింట్లో ఆమెకి మిగిలింది సవతి తల్లి. అక్కడ కనడమంటే ఏమిటో తెలుసు. అయినా పళ్ళెం దగ్గరికి వెళ్ళనని చెప్పడానికే నోరు తెరిచింది.

"రేపు పెద్దనాన్నని పిలవకమ్మా," అంది రొఖాయా.

అందరూ అటు తిరిగారు. ఆమె గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. మొహం కడుక్కుంది. ఏ పూతా లేక అక్కడక్కడా ఎర్రగా, పలచగా ఉంది చర్మం.

"ఎందుకు పిలవకూడదు?"

"రేపు పొద్దున నేనింట్లో ఉండను. సుకేనాని తీసుకుని ఆసుపత్రికి వెళ్తున్నా."

"దాని వెనక నువ్వెందుకు? తోడు కావాలంటే వాడు పోతాడు."

"తోడుగా కాదు. నా కోసమే. బక్రీదు వెళ్ళాక నాకు నెల తప్పింది. మళ్ళీ రాలేదు."

బిరాం చేతిలో గ్లాసు వొలికి బొగ్గులు బుస్సుమన్నాయి. కుంబా పెదవులు కదిలాయి. దేవుడి పేరేదో తలుచుకుంటోంది. కుర్చీలోంచి దిగి కూతురి దగ్గరికి వచ్చి, మెట్టు కింద కూలబడింది. కోపమంతా ఎక్కడికో పోయింది.

"నాకు చెప్పలేదేమే? కన్నతల్లికి?"

"చెబితే డబ్బా పట్టుకుని వచ్చేదానివి," అంది రొఖాయా. గొంతులో నిష్ఠూరం లేదు. కూరలో ఉప్పు సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "పోయిన రెండుసార్లూ రోజూ నా పొట్టకి నువ్వే రాశావు కదమ్మా. బిడ్డ తేటగా పుట్టాలని."

కుంబా చెయ్యి చాచి కూతురి పొట్ట మీద వెయ్యబోయింది.

రొఖాయా కొంచెం పక్కకి జరిగింది.

"నేనిప్పుడు నిన్నేమీ అనటం లేదు. పరీక్ష చేయించుకుంటా. ఏమని తేలినా వచ్చి మీ అందరి ముందూ చెబుతా. అంతదాకా నన్ను ముట్టుకోకమ్మా."